కట్టెలు చీల్చు యంత్రము - కాయకధర్మము

మహాశివరాత్రికి నెల దినములు ముందుగనే మఠపు పెరటిలో గొడ్డలి చప్పుడు వినవచ్చుట మనవారిలో పెద్దలకందరకును ఎరుకయే. ఉత్సవదినములలో వేలకొలది భక్తులకు దాసోహము జరుగవలెనన్న పొయ్యిలు పగలును రాత్రియు మండవలెను. ఆ పొయ్యిలకు వలయు కట్టెలను ముందుగనే చీల్చి, ఎండలో ఆరవేసి, పేర్చి యుంచవలెను. రాయలసీమలో నాకు చిరపరిచితమైన యొక మఠమున ఈ చప్పుడు నిలిచిపోయి రెండు శివరాత్రులైనది. దాని స్థానమున ఇప్పుడు ట్రాక్టరు మ్రోత వినవచ్చుచున్నది. భక్తుడొకడు తన కుమారుని వివాహ సందర్భమున, ట్రాక్టరు వెనుక తగిలించు కట్టెలు చీల్చు యంత్రమును మఠమునకు సమర్పించెను. (దాత పేరు దానిపై శివనామముకంటె పెద్ద అక్షరములతో వ్రాయబడియున్నది, అది వేరొక వ్యాసమునకు తగిన విషయము.) ఆ యంత్రము వచ్చిన నాటినుండి మఠభక్తులలో వాదము చెలరేగినది. నేను ఇరుపక్షముల మాటలను వింటిని. నాకు తోచినది వ్రాయుచున్నాను.

ముందుగా యంత్రపు సంగతి. దీనిని ట్రాక్టరు వెనుక నాగలి తగిలించు చోటనే తగిలింతురు. ఇంజను శక్తితో తిరుగు పంపు ఒకటి నూనెను ఉక్కు సిలిండరులోనికి గట్టి ఒత్తిడితో నెట్టును. ఆ నూనె పిస్టనును త్రోయును. పిస్టను మొద్దును త్రోసికొనిపోయి, ఎదుట నిలిపియున్న గొడ్డలి వాదరవంటి ఉక్కు దిమ్మెకు అదుమును. 10 సెంటీమీటర్ల వ్యాసము గల పిస్టనుపై చదరపు సెంటీమీటరునకు 150 కిలోల చొప్పున ఒత్తిడి పడినచో, మొత్తము బలము 11 టన్నులను దాటును. గొడ్డలివలె ఇది వేగముతో కొట్టదు. మెల్లగా అదిమి, కట్టెను నారవెంట విడదీయును. మన సీమలో నేడు పొయ్యిలోనికి వచ్చు కట్టెలో హెచ్చు పాలు సర్కారు తుమ్మయే. వంకరలు, ముడులు గల ఆ మొద్దులో గొడ్డలి దిగబడినచో దానిని ఊడదీయుటకే ఒక ఘడియ పట్టును. యంత్రము ఆ ముడులను లెక్కచేయదు.

ఆ మఠమునకు కట్టెలు కొట్టుచుండినవాడు ప్రక్క పల్లెకు చెందిన యొక వృద్ధుడు. భూమి లేదు. ఏడాది పొడవున ఊరూర కట్టెలు కొట్టి బ్రతుకువాడు. మాఘమాసము రాగానే మఠమునకు వచ్చి, ఇరువది దినములు అచ్చటనే యుండి, కట్టెయంతయు చీల్చి, మఠమువారిచ్చిన కూలిని మారుమాటాడక తీసికొని, శివరాత్రి జాగరణము చేసి వెళ్లెడివాడు. నలుబది యేండ్లు ఇట్లు జరిగినది. అతని పని నేను కూర్చుండి చూచినవాడను. మొద్దును చూడగానే దాని నెర యెటు పోవుచున్నదో చెప్పగలడు. గొడ్డలి కామతో మూడు మారులు మొద్దును తట్టి, లోపలి చీమలు, తొండలు వెలువడువరకు ఆగును. అటుపిమ్మట ఇష్టలింగమును కన్నులకద్దుకొని మొదటి దెబ్బ వేయును.

యంత్రము వచ్చిన యేడు మఠపు పెద్దలు అతనిని పిలిచి, “వయస్సు మళ్లినది గదా! ఇక నీవు శ్రమపడనక్కరలేదు. ఏటేట వచ్చు కూలి నీకు ఊరకయే ఇప్పింతుము. ప్రసాదము తీసికొని సుఖముగా నుండుము” అనిరి. మంచి మనస్సుతో అన్నమాటయే. అతడు చేతులు జోడించి చెప్పిన బదులును అతని మాటలలోనే వ్రాయుచున్నాను. “పని చేయకుండా దుడ్డు తీసుకుంటే అది కూలి యెట్లయితుంది స్వామీ? బిచ్చమయితుంది. నలభై యేండ్లు ఈడ తిన్న అన్నం అరిగింది. ఇంక అరగదు.” ఆ పూట అతడు ప్రసాదము ముట్టక వెళ్లిపోయెను. దాసోహము జరుగు ఇంటినుండి ఒక శరణుడు ఆకలితో వెడలిపోవుట సామాన్యమైన సంగతి కాదు.

ఇది వినగానే నాకు మోళిగె మారయ్యగారి చరిత్ర స్ఫురించినది. మోళిగె యనగా కట్టెలమోపు. ఆయన కాశ్మీరదేశపు రాజనియు, బసవేశ్వరుని కీర్తి విని, రాజ్యము విడిచి, భార్య మహాదేవితో కల్యాణమునకు వచ్చి, అడవిలో కట్టెలు కొట్టి, మోపులమ్మి, ఆ వచ్చినదానితో జంగమ దాసోహము చేయుచుండెననియు ఐతిహ్యము. బసవన్న ఆయన పేదరికము చూచి జాలిపడి, ఎవరికిని తెలియకుండ ఆ యింట బంగారముంచి వచ్చెనట. మారయ్య దానిని తనకు ఉంచుకొనక జంగములకు పంచిపెట్టెను. అంతటి బసవన్న ఇచ్చినదియే, గొడ్డలితో సంపాదించినది కానందున, ఆ యింట నిలువలేదు. మఠపు పెద్దలు చేసినదియు ఇదియే గదా! బసవన్న చేసిన పొరపాటునే చేసినారు గనుక వారిని మిక్కిలి నిందింపజాలను.

ఇక వాదమునకు వత్తును. యంత్రమును వద్దనువారి ప్రధానమైన మాట యేమనగా: కాయకమనగా దేహశ్రమ, చెమటోడ్చనిది కాయకము కాదు, ఇనుము చీల్చిన కట్టెతో వండిన అన్నము దాసోహమునకు పనికిరాదు. ఈ మాటలో భక్తి యున్నది గాని విచారము తక్కువ. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు చేసిన కాయకమేది? బిజ్జలుని భాండాగారమున లెక్కలు వ్రాయుట. అందు చెమట యెంత? జేడర దాసిమయ్యగారి మగ్గము ఆ కాలపు యంత్రమే. చేతితో దారములను అల్లలేదు గనుక ఆయన నేత కాయకము కాకపోయెనా? మడివాళ మాచయ్యగారు బట్టలుతికినను, అంబిగర చౌడయ్యగారు పడవ నడిపినను, శరణులు కాయకమునకు పెట్టిన నియమములు వేరు: అది సత్యముగా నుండవలెను, ఇతరుల పొట్ట కొట్టనిదై యుండవలెను, దాని ఫలము దాసోహమునకు పోవలెను. గురువునకును జంగమునకును సైతము కాయకము తప్పదన్నవారు, దానిని అలసటతో తూచియుండినచో ముసలివారిని, వ్యాధిగ్రస్తులను ఏమి చేసియుందురు?

అయినను ఆ వృద్ధులు అడిగిన ఒక ప్రశ్నను త్రోసివేయరాదు: యంత్రము పని చేయునప్పుడు కాయకము ఎవరిది? దీనికి సమాధానమును నేను శాస్త్రములలోగాక ఆ యంత్రము ప్రక్కనే చూచితిని. మొదటి యేడు ఇద్దరు కుఱ్ఱవాండ్రు దానిని నడపిరి. ఒకడు మొద్దు పెట్టును, వేరొకడు మీట నొక్కును. పని త్వరగా సాగుచున్నదని అందరును మెచ్చుకొనిరి. ఒకనాడు మొద్దు సరిచేయుచున్నవాని వ్రేలు తీయకమునుపే రెండవవాడు మీట నొక్కెను. దైవవశమున గోరు మాత్రమే పోయినది. ఈ యంత్రమెరిగినవారు మొదట చెప్పు నియమమే ఇది: మొద్దు పెట్టినవాడే మీటను పట్టవలెను, ఒకని చేయి లోపల నుండగా మరొకని చేయి మీటపై నుండరాదు. 11 టన్నుల బలమునకు మొద్దునకును వ్రేలికిని భేదము తెలియదు. ఆ భేదమెరిగి చేతిని సకాలమున ఆపుట మనుష్యుడే చేయవలెను. చీల్చు బలమును యంత్రమునకు ఒప్పగింపవచ్చును. ఆ ఎరుకను ఒప్పగింపరాదు. కాయకము అచ్చటనే యున్నదని నా నమ్మకము.

ప్రసంగవశమున మనవారికి మరి రెండు జాగ్రత్తలు. ఇంజనునుండి పంపునకు శక్తినందించు కడ్డీ నిమిషమునకు 540 చుట్లు తిరుగును. దానిపై మూత లేకుండ నడుపరాదు. వ్రేలాడు కండువ, పంచె చెంగు, మెడలోని శివదారము దానికి చుట్టుకొన్నచో లాగుకొనుటకు రెప్పపాటు చాలును. గనుక లింగధారులు శివదారమును చొక్కాలోనికి చేర్చి, కండువ తీసి దగ్గరకు పోవలెను. నూనె గొట్టమునకు సూదిబెజ్జమంత రంధ్రము పడినను అందుండి చిమ్ము నూనె చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. కారుచున్న చోటును చేతితో తడవి చూడరాదు.

యంత్రము కావలెనను యువకులు వంటశాల సంగతి చెప్పిరి. అది నిజము. పచ్చికట్టె బరువులో సగమునకు దగ్గరగా నీరే యుండును. ఆ నీరు ఆవిరియగుటకే మంట చాల భాగము ఖర్చగును, మిగిలినది పొగ. ఆ పొగ మన కన్నులలోనికి రాదు, వండు తల్లుల కన్నులలోనికి పోవును. వేసవికి ముందే చీల్చి, గాలి తగులునట్లు పేర్చి, వానకు తడియకుండ కాపాడినచో మరుసటి శివరాత్రికి కట్టె చక్కగా ఆరును. గుండ్రని మొద్దు బెరడుతో నున్నంతకాలము లోపల ఆరదు. వంటయింటి గోడలకు పట్టిన మసిని చూచి కూడ, కండలతో చీల్చినదే పవిత్రమని బయట కూర్చుండి వాదించుట నాకు నచ్చదు.

కాని ఆ యువకులును ఒక సంగతి మరచిరి. ఇరువది దినముల పని రెండు దినములలో ముగియుటచే వారికి ఆగబుద్ధి కాలేదు. తుమ్మ అయిపోగా చెరువు క్రింది రెండు చింతచెట్లను కొట్టించి తెచ్చిరి. చెట్టు కొట్టుటకు అనుమతి కావలెనని 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము చెప్పుచున్నను అడిగినవారు లేరు. రెండేండ్లకు సరిపడు కట్టె పేర్చిరి. వానకాలమున సగము తడిసి చెదపట్టినది. ఆయ్దక్కి లక్కమ్మ ఈ పెరటిలో నుండియుండిన ఏమనియుండును? బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలేరి తెచ్చు భర్త ఒకనాడు కొంచెమెక్కువ తెచ్చినందుకే, అది మనకు తగదు, తెచ్చిన చోటనే పోసి రమ్మని త్రిప్పి పంపిన ఇల్లాలామె. గొడ్డలికి ఒక సుగుణము కలదు: భుజము నొచ్చినప్పుడు అది తానే ఆగును. యంత్రమునకు నొప్పి లేదు గనుక, చాలునను మాట మనము చెప్పవలసి వచ్చును. అది చెప్పుట గొడ్డలి యెత్తుటకంటె కష్టమని ఆ చింతచెట్ల మొదళ్లను చూచినప్పుడెల్ల నాకు తోచును.

చెదపట్టిన కట్టెను చూచిన పిమ్మట స్వామివారు తామే ఆ పల్లెకు వెళ్లిరి. వృద్ధునితో కూలి మాట గాని సహాయపు మాట గాని యెత్తలేదట. “మొద్దు చూచి చెప్పువారు లేక మఠపు కట్టె పాడగుచున్నది. రావలెను” అని మాత్రమే అడిగిరి. అతడు వచ్చెను. ఇప్పుడు ఏ మొద్దు చీల్చవలెనో, ఏది ఇంకను ఆరవలెనో, ఎంత చాలునో అతడే నిర్ణయించును. మీటయు అతని చేతిలోనే. మునుపటివలెనే మొద్దును మూడు మారులు తట్టి, చీమలు పోవువరకు యంత్రమును ఆపి నిలుచును, కుఱ్ఱవాండ్రు విసుగుకొందురు. కూలి మునుపటికంటె ఎక్కువ. ప్రసాదము తీసికొనుచున్నాడు.

స్వామివారు చేసినది దయ కాదు, ఋణము తీర్చుట యని నా యభిప్రాయము. ఒకని కాయకమును తీసికొన్నవారు వానికి ధనము బాకీ పడరు. కాయకమే బాకీ పడుదురు. దానముతో దానిని చెల్లువేయుట మారయ్యగారి యింట బంగారముంచి వచ్చుట వంటిది. ఈ వృద్ధునకు ఋణపడినవారికి పేరును ముఖమును ఉన్నవి గనుక తీరినది. చుట్టుపట్ల ఊళ్లలో కట్టెలు కొట్టి బ్రతుకు తక్కినవారికి ఋణపడినవారెవరు? ఈ ప్రశ్నకు నావద్ద సమాధానము లేదు. మఠమునకు కూడ ఇది తప్పునట్లు లేదు.

ఏలయనగా, ఈ యేడు శివరాత్రి గడచిన వారమునకే పట్టణములోని కట్టెల అడితివారు యంత్రమును అద్దెకిమ్మని మఠమునకు వచ్చిరి. దినమునకు వారీయజూపిన సొమ్ము తక్కువ కాదు. దాసోహపు ఖర్చులకు అక్కరకు వచ్చునని పెద్దలు కొందరు స్వామివారితో మనవి చేసిరి. స్వామివారు వృద్ధుని పిలిపించి అతని యభిప్రాయమడిగిరి. అతడు చేతి నూనెను గుడ్డతో తుడుచుకొని, “ఆ అడితిలో మా తమ్ముడు కొడతాండాడు స్వామీ” అని మాత్రమనెను. అడితివారికి స్వామివారింకను బదులు చెప్పలేదు.