రెండు ఫ్రేముల నడుమ ఏముంది?

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో కొత్త ప్రాజెక్టు తెరిచి ఫుటేజీ దించబోతే, ఒక్కోసారి ఒక పెట్టె అడ్డొస్తుంది. క్లిప్పు ఫ్రేమ్ రేటూ ప్రాజెక్టు సెట్టింగూ ఒకటిగా లేవు, మార్చమంటారా అని అడుగుతుంది. చాలామంది చదవకుండానే ఏదో ఒకటి నొక్కి ముందుకు పోతారు. టైమ్‌లైన్ మీద క్లిప్పులు పరిచాక ఇక ఆ అంకెను మార్చనివ్వదు. చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ దాని వెనక వందల ఏళ్లు నలిగిన తగవు ఉంది: కాలం ముక్కలతో కూడిందా, లేక అఖండంగా సాగేదాన్ని మనమే ముక్కలుగా కోస్తున్నామా?

ఒక కూచిపూడి నర్తకి చెయ్యి తిప్పడాన్ని సెకనుకు 120 ఫ్రేముల చొప్పున చిత్రీకరించారనుకుందాం. ప్రీమియర్ ప్రోలో ఆ క్లిప్పు మీద రైట్ క్లిక్ చేసి, ‘ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్’లోకి వెళ్లి, 120 తీసేసి 24 అని వేస్తే సెకను సేపు జరిగిన కదలిక అయిదు సెకన్లకు సాగుతుంది. మణికట్టు మెల్లగా తిరుగుతుంది, వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుంటాయి. ఒక్క ఫ్రేము కొత్తగా చేరలేదు, ఒక్కటీ పోలేదు, ఏ బొమ్మలోనూ రంగు చుక్కయినా మారలేదు. మారిందల్లా ఒక్కో ఫ్రేమును ఎంతసేపు నిలపాలన్న ఆజ్ఞ. వ్యవధి ఫ్రేములో లేదు, బయటినుంచి వచ్చింది.

సినిమా 24 ఫ్రేములది, పాల్ పద్ధతి టీవీ 25 ఫ్రేములది. పాల్ నడిచిన దేశాల్లో సినిమాను టీవీకి ఎక్కించేటప్పుడు సెకనుకు ఒక ఫ్రేము వేగం పెంచి నడపడం మామూలు. అలా నడిపితే రెండున్నర గంటల సినిమా 144 నిమిషాల్లో ముగిసిపోతుంది. ఒక్క దృశ్యం కత్తిరించకుండానే ఆరు నిమిషాలు మాయం! సరిదిద్దకపోతే పాటల శ్రుతి కూడా కాస్త పైకి జరుగుతుంది. సంగీతం తెలిసినవాళ్లకు అది వెంటనే పట్టుబడుతుంది.

ఉన్నది క్షణమొక్కటే, నిలకడ భ్రమ అని వాదించిన బౌద్ధులు ఈ లెక్కల జోలికి ఎప్పుడో వెళ్లారు. వసుబంధుడి అభిధర్మకోశం ప్రకారం 120 క్షణాలు ఒక తత్‌క్షణం, 60 తత్‌క్షణాలు ఒక లవం, 30 లవాలు ఒక ముహూర్తం, 30 ముహూర్తాలు ఒక పగలూ రాత్రీ. గుణించి చూస్తే రోజుకు 64,80,000 క్షణాలు, అంటే సెకనుకు సరిగ్గా 75. సినిమా రీలు ఊహకైనా అందని రోజుల్లో ఒక ఆచార్యుడు ప్రపంచానికి ఫ్రేమ్ రేటు కట్టాడన్నమాట! రాత్రంతా వెలిగే దీపంలో మొదటి జామున ఉన్న జ్వాలే చివరి జామునా ఉందా అని మిళిందపన్హలో నాగసేనుడు వేసిన ప్రశ్నదీ ఇదే దారి.

అద్వైతి శంకరుడు ఈ క్షణికవాదాన్ని ఒప్పుకోలేదు. బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో ఆయన పట్టుకున్నది జ్ఞాపకాన్ని. నిన్న చూసినవాడూ, చూశానని ఇవాళ తలుచుకునేవాడూ ఒక్కడే కాకపోతే జ్ఞాపకానికి చోటెక్కడిది? రెండు క్షణాలు ఒకలా ఉన్నాయని చెప్పాలన్నా, రెంటినీ చూసినవాడొకడు నిలిచి ఉండాలి కదా. ఎడిటింగ్ గదిలో ఈ వాదం బలం బాగా తెలుస్తుంది. ముందు ఫ్రేమును మనసులో నిలుపుకున్నవాడికే తర్వాతి ఫ్రేములో కదలిక. అయితే నిలిచి ఉండేది ఆత్మేనని ఇంతమాత్రాన తేలదు. కాసేపు ఆగే జ్ఞాపకమైనా ఈ పనికి చాలు.

అసలు ఫ్రేమంటే క్షణమేనా? సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో 180 డిగ్రీల షట్టర్ వాడితే ఒక్కో ఫ్రేము సెకనులో 48వ వంతు సేపు వెలుతురు తాగుతుంది. ఆలోపల చెయ్యి కదిలితే బొమ్మలో వేళ్లు అలుక్కుపోతాయి. ఆ అలుకే చూసేవాళ్లకు నడకను నునుపు చేస్తుంది. 1998లో వచ్చిన ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ యుద్ధ దృశ్యాలకు షట్టర్‌ను 90, 45 డిగ్రీలకు కుదించారు. ప్రతి ఫ్రేమూ కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉంటుంది, కదలిక మాత్రం కుదుపులు కుదుపులుగా నడుస్తుంది. క్షణానికి ఎంత దగ్గరైతే ఫ్రేములు అంతగా విడివిడిగా నిలబడ్డాయి. నిశ్చల చిత్రాలను ఎన్ని పేర్చినా గమనం పుట్టదని 1907లో ‘క్రియేటివ్ ఎవల్యూషన్’ రాసిన ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్ సినిమా యంత్రాన్నే ఉదాహరణగా చూపాడు. షట్టర్ ఆయన మాటకు బలమే ఇస్తోంది. అయినా ఆ అలుకు కూడా కదలిక గుర్తే తప్ప కదలిక కాదని క్షణికవాది అంటే, ఆ మాటనూ తోసెయ్యలేం.

ఈ ఇరుకులో పనికొచ్చేవాడు బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడు. ఆయన మూలమధ్యమకకారిక రెండో ప్రకరణం అంతా గమనం గురించే. నడిచేసిన దారిలో నడక లేదు, నడవని దారిలో ఇంకా లేదు, ఈ రెండూ కాని మూడోది ఏదో చూపించమంటాడు. టైమ్‌లైన్ మీద ప్లేహెడ్‌ను ఫ్రేము ఫ్రేముకూ జరుపుతూ కదలికను వెతికితే ఆయన అడిగినదే ఎదురవుతుంది. ఈ ఫ్రేములో లేదు, పక్కదానిలో లేదు, రెంటి మధ్యా అసలు చోటే లేదు.

ఫ్రేములు పెంచుకుంటూ పోతే సత్యానికి దగ్గరవుతామన్న ఆశ మాత్రం నిలవలేదు. దర్శకుడు పీటర్ జాక్సన్ 2012లో ‘ది హాబిట్’ మొదటి భాగాన్ని 48 ఫ్రేముల్లో తీస్తే, సెట్టు సెట్టులాగే కనబడుతోందని, టీవీ వీడియో చూస్తున్నట్టుందని చాలామంది ప్రేక్షకులు ఇబ్బందిపడ్డారు.

అదే జాక్సన్ 2018లో ‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’ కోసం మొదటి ప్రపంచ యుద్ధపు పాత రీళ్లను తీసుకున్నాడు. చేత్తో తిప్పిన కెమెరాల్లో తీసినవి, చాలావరకు సెకనుకు 24 కన్నా తక్కువ ఫ్రేములవి. కొరత పడ్డ ఫ్రేములను కంప్యూటర్ పుట్టించింది. సైనికులు మామూలు మనుషుల్లా నడిచారు, నవ్వారు. తెర మీద కనబడే ఆ ముఖాల్లో కొన్ని ఏ కెమెరా చూడనివి. వాటిని సాక్ష్యమనాలా, అనుమానమనాలా? న్యాయదర్శనం చదివిన నైయాయికుడైతే అనుమానమనే అంటాడు, పొగను బట్టి నిప్పును ఊహించినట్టు. కానీ ఆ మనిషి ఆ నడుమ నిజంగా కదిలాడు, ఏదో ఒక ముఖంతోనే ఉన్నాడు. ఆ మేరకు ఆ ఊహ గౌరవించదగ్గది.

ఇదే పని ఇప్పుడు ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా ఆప్టికల్ ఫ్లో పేరుతో దొరుకుతోంది. రెండు ఫ్రేముల్లో ప్రతి భాగం ఎటు జరిగిందో లెక్కగట్టి నడిమి బొమ్మను అల్లుతుంది. ముఖానికి అడ్డంగా చెయ్యి వెళ్లిన చోట ఆ లెక్క తప్పి, చెంపా వేళ్లూ ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయి. అలాంటి చోట చాలామంది ఎడిటర్లు ఆ ముక్కకు ఆప్టికల్ ఫ్లో తీసేసి, కెమెరా చూసిన ఫ్రేమునే రెండోసారి నిలుపుతారు. కాస్త కుదుపు వస్తుంది, దాన్ని పూడ్చే పని చూసేవాళ్ల కళ్లకు వదిలేస్తారు.