క్రొత్త డ్రైవరు వెనుక నిలిచినప్పుడు

ధ్యాన భాగములు: ఆదికాండము 33:12–17; మార్కు 8:22–26; ద్వితీయోపదేశకాండము 19:1–7



మన ప్రాంతపు సరుకు చాలవరకు లారీ మీదనే లోకమునకు పోవుచున్నది. పలాస జీడిపప్పు, ఉద్దానపు కొబ్బరికాయలు, పనసకాయలు, టెక్కలి నీలి గ్రానైటు బండలు, నౌపడ ఉప్పు, ఇవన్నియు ఏ పట్టణమునకు చేరవలెనన్నను ముందు లారీ ఎక్కవలసినవే. 2018 అక్టోబరు 11వ తేది తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన తీరమును తాకి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు, త్రాగునీరును బియ్యమును కరెంటు స్తంభములును మోసికొని వచ్చినవి లారీలే. అయినను లారీ అనగానే మనకు జ్ఞాపకము వచ్చునది దుమ్ము, పొగ, హారను మోత. దానిని నడుపువాడు ఎవడని అడుగువారు తక్కువ.

అనేక పర్యాయములు అతడు మనవంటి పల్లెవాడే. పని వెదకికొనుచు ఉద్దానపు పిల్లలు దూర ప్రాంతములకు పోవుట మనకు క్రొత్త సంగతి కాదు. వారిలో స్టీరింగు పట్టినవారును ఉన్నారు. ఏ ఒడిషాలోనో తమిళనాడులోనో ఎరుగని ఇరుకు వీధిలో మన కుర్రవాడు బండి ఆగిపోయి చెమటలు కార్చుచున్నప్పుడు, వెనుక నిలిచినవారు అతనిని ఏమని పిలువవలెనని అతని తల్లి కోరును? ఆ ప్రశ్నను మనస్సున ఉంచుకొని తక్కిన సంగతి చదువుడి. ఈ నెల మేము వ్రాయుచున్నది క్రొత్తగా లారీ ఎక్కిన డ్రైవరును గూర్చి.

అట్టివాడు ఒక్క దినములో తయారు కాడు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము రవాణా బండి నడుపుటకు 20 సంవత్సరముల వయస్సు నిండవలెను. అంతకు ముందు కనీసము ఒక సంవత్సరము చిన్న బండి లైసెన్సు కలిగియుండవలెను. నేర్చుకొను కాలమున బండి ముందు, వెనుక తెల్లని పలక మీద ఎర్రని ‘ఎల్’ అక్షరము ఉండవలెను. లైసెన్సు గలవాడు ప్రక్కన కూర్చుండవలెను. ఇది మంచి ఏర్పాటే. కాని పరీక్ష నెగ్గిన దినమున ఆ పలక తీసివేయుదురు, ప్రక్కనున్నవాడు దిగిపోవును. అనుభవము మాత్రము ఆ దినముననే వచ్చి కూర్చుండదు. ఏండ్ల తరబడి క్లీనరుగా తిరిగి, చక్రములు కడిగి, టైర్లు మార్చి, వెనుకకు రమ్మని ఈలలు వేసిన పిల్లవాడైనను మొదటిసారి తానొక్కడే నిండు బండిని నడుపునప్పుడు అతని చేయి వణకును. ఆ వణకు అతని వెనుక వచ్చు మనకు కనబడదు. అతని ‘ఎల్’ పలక లోపల ఉన్నది.

పది చక్రముల లారీ సరుకుతో కలిసి 28 టన్నుల వరకు తూగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున అది సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగిపోవును. డ్రైవరు అపాయమును చూచి, కాలు బ్రేకు మీదికి తెచ్చులోపల ఒక్క సెకను గడచినను, మన పల్లె మందిరమంత పొడవు దాటిపోవును. బండి ఆగుట ఆ తరువాతి మాట. మోటారు సైకిలు మీద మనము అతని ముందుకు చొచ్చి చటుక్కున ఆగినచో అతడు ఎంత మంచివాడైనను ఏమి చేయగలడు? కేబిను ఎడమ ప్రక్క ఆనుకొని ఉన్నవాడు, బండి ముక్కు క్రింద నిలిచినవాడు, వెనుక అంటుకొని వచ్చువాడు అతనికి కనబడరు. అతని అద్దము మనకు కనబడనిచోట మనము అతనికి కనబడమని గురుతుంచుకొనుట చాలును. ఎడమ సందులోనికి తిరుగవలసిన లారీ మొదట కుడికి జరుగును. ఎడమన ఖాళీ చూచి, దారి మనకే ఇచ్చినాడనుకొని మన పిల్లలు దూరుదురు. లారీ వెనుక చక్రములు ముందు చక్రముల జాడలో రావు, లోపలికి కోసికొని వచ్చును. ఈ ఒక్క సంగతి ఎరుగక పోయిన ప్రాణములు ఎన్నియో.

ఇప్పుడు లేఖనమునకు వత్తము. ఏశావు నాలుగు వందల మందితో ఎదురు వచ్చి, తమ్ముని కౌగిలించుకొని, కలిసి ప్రయాణము చేయుదమని పిలిచెను. యాకోబు ఏమని బదులు చెప్పెను? పిల్లలు పసివారనియు, పాలిచ్చు గొఱ్ఱెలు పశువులు తన వెంట ఉన్నవనియు, ఒక్క దినము వాటిని మితిమించి తోలినయెడల మంద అంతయు చచ్చుననియు చెప్పి, అన్నను ముందు పొమ్మని, తాను వాటి నడకకు తగినట్లు నడచెను. (శేయీరునకు వచ్చెదనని చెప్పి సుక్కోతునకు పోయినాడు గనుక ఆ మాటలో కొంత యుక్తియు ఉన్నదని కొందరందురు. ఉండవచ్చును. యాకోబు యాకోబే. అయినను మందను గూర్చి అతడు పలికినది కాపరి పలుకు.) ఇరువది సంవత్సరములు లాబాను మందలు మేపినవానికి తెలిసిన సంగతి ఇది: గుంపు వేగమును నిర్ణయించువాడు అందరికన్న బలవంతుడు కాడు, అందరికన్న లేతవాడు. ఏశావు మనుష్యులకు ఆలస్యమగుట నిజమే. ఆ ఆలస్యమువలన ఎవరును చావలేదు.

కంచిలి నుండి సోంపేట వచ్చు దారిలో గాని, తోటల కంచెల నడుమ ఉద్దానపు ఇరుకు దారులలో గాని ఒక లారీ ఎదురు బండికి తోవ ఇయ్యలేక ఆగినదనుకొనుడి. ప్రక్కన ఇసుక, దిగినచో చక్రము కూరుకొనును. కుర్రవాడు గేరు వేయబోవును, ఇంజను ఆగిపోవును. వెనుక పది హారనులు ఒక్కసారి మ్రోగును. ఒకడు తల్లిని తిట్టును, ఇంకొకడు తలుపు మీద కొట్టును. ఇవన్నియు అతని చేతికి నేర్పు ఇచ్చునా? తొందరలో తప్పు గేరు పడును, బరువు బండి వెనుకకు జారును. వెనుక నున్నది తిట్టినవాని స్కూటరే కావచ్చును. మూడు నిమిషములు ఊరకుండుట పిరికితనము కాదు. ఒకరు దిగి, ముందుకు పోయి, అతనికి కనబడు చోట నిలిచి చేయి చూపినయెడల బండి కదలును. మన సరిహద్దున ఒడియా రానివారు తక్కువ గదా! ఒడిషావాడైనచో ‘భాయీ’ అనుడి, తెలుగువాడైనచో ‘బాబూ’ అనుడి. ‘ఒరే’ అను మాటకు లారీ ఏ భాషలోను కదలదు.

బేత్సయిదాలో ప్రభువు ఒక గ్రుడ్డివానిని ఊరి వెలుపలికి చేయి పట్టుకొని తోడుకొనిపోయెను. మొదట చేతులుంచినప్పుడు వానికి చూపు సగమే వచ్చెను. మనుష్యులు నడచు చెట్లవలె కనబడిరి. ప్రభువు వానిని గద్దింపలేదు, విడిచిపోనులేదు, మరల చేతులుంచెను. ఈ సంగతి సోంపేటవారికి బోధింపనక్కరలేదు. కెనడా బాప్టిస్టు మిషను వైద్యుడు డాక్టరు బెన్ గల్లిసన్ ఇక్కడ కంటి రోగులకు చేసిన సేవయే 1963లో కెనడాలో ‘ఆపరేషన్ ఐసైట్’ అను సంస్థ పుట్టుటకు కారణమాయెను. కంటి కట్టు విప్పిన దినమున తడబడుచు గోడ పట్టుకొని నడచు ముసలివానిని ఎవరైనను త్వరగా నడువుమని అరతురా? చేయి ఇత్తురు. దారి మీద క్రొత్త చేతికి కూడ అదియే కావలెను. చూపు మాట వచ్చినది గనుక లారీలున్నవారితో ఒకటి చెప్పెదము: మీ డ్రైవర్లకు సంవత్సరమున కొకసారి కన్నులు పరీక్ష చేయించుడి.

వారితోనే ఇంకొక మాట. మొదటి ప్రయాణములో అద్దము పగులగొట్టుకొని వచ్చినాడని కుర్రవానిని వెళ్లగొట్టువారు కలరు. మార్కు అను యోహాను పంఫూలియలో పని విడిచి తిరిగి పోయెను. పౌలంతటివాడు అతనిని మరల వెంటబెట్టుకొనుటకు ఒప్పుకొనలేదు. బర్నబా తీసికొని కుప్రకు పోయెను. కడపటి దినములలో చెరసాల నుండి పౌలు తిమోతికి వ్రాయుచు ఆ మార్కునే తోడుకొని రమ్మనెను. నేర్చుకొనువాని ప్రక్కన కూర్చుండు బర్నబాలు లారీ పనిలో మిక్కిలి కావలసియున్నారు. రాత్రి వేళ నిద్ర ఆపుకొనలేని పిల్లవానికి ‘ఆపి పడుకో నాయనా, సరుకు రేపు చేరును’ అని ఫోనులో చెప్పగల యజమానుడు బర్నబాకు తమ్ముడే. మోటారు రవాణా పనివారికి దినమునకు 8 గంటల పని అని 1961 నాటి చట్టమే చెప్పియుండెను. దారి మీద అది ఎంతవరకు జరుగుచున్నదో అందరికి తెలిసినదే.

ఇంతవరకు చెప్పినది సుళువు. ఇక కఠినమైన సంగతి.

మన ఊరి మధ్య లారీ ఒకని పడవేసినదనుకొనుడి. కేకలు పుట్టును. కఱ్ఱలు, రాళ్లు వచ్చును. డ్రైవరు పారిపోవును, లేక చిక్కిపోవును. 1988 చట్టము, 134వ విభాగము, గాయపడినవానిని వైద్యమునకు చేర్చు బాధ్యత డ్రైవరు మీదనే పెట్టినది. కాని జనుల ఆగ్రహమువలన అది సాధ్యము కానప్పుడు తప్ప అని అందులోనే వ్రాసియున్నది. చట్టము వ్రాసినవారు మన కోపమును ముందే లెక్కలో వేసికొనిరి! ఇది మనకు సిగ్గుగా ఉండవలెను. 2024 జనవరి మొదటి దినములలో దేశమంతట లారీ డ్రైవర్లు బండ్లు నిలిపివేసిరి. నిర్లక్ష్యముగా నడిపి ఒకని చావునకు కారణమై, అధికారులకు తెలుపక పారిపోయినవానికి 10 సంవత్సరముల వరకు చెర అని క్రొత్త న్యాయ సంహిత చెప్పగా, నిలిచినచో జనులు కొట్టి చంపుదురు, పోయినచో చెర, మేమేమి చేయుదుమని వారు మొఱపెట్టిరి. 2024 జూలై 1న ఆ సంహిత అమలు లోనికి వచ్చినప్పుడు ఆ ఒక్క భాగము నిలిపి ఉంచబడెను. వారి మొఱలో పాలెంత నిజమో న్యాయవాదులు తేల్తురు. భయము మాత్రము నిజము. అది క్రొత్తవానికి మరింత ఎక్కువ.

మోషే ధర్మశాస్త్రము ఈ స్థలమునకు ముందే వచ్చియున్నది. ఇద్దరు కట్టెలు కొట్టుటకు అడవికి పోయిరి; గొడ్డలి పిడి నుండి ఊడి పొరుగువానికి తగిలెను, వాడు చచ్చెను. పగ లేదు, తలంపు లేదు. చచ్చినవాని బంధువు రక్తము ఉడుకుచుండగా తరుముకొని వచ్చును. గనుక దేశమును మూడు భాగములు చేసి ఆశ్రయపురములు ఏర్పరచుమనియు, వాటికి త్రోవ సిద్ధపరచుమనియు దేవుడు ఆజ్ఞాపించెను. త్రోవ సిద్ధపరచుట అను మాటను గమనించుడి. పట్టణముండి దారి లేనిచో ఉడుకు రక్తమే ముందు చేరును. అయితే ఆశ్రయపురము తప్పించుకొని పోవు చోటు కాదు. సమాజము ఎదుట విచారణ జరుగును. పగతో చంపినవానిని పెద్దలు అక్కడ నుండి రప్పించి అప్పగించుదురు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని ఓర్చుకొమ్మని మేము చెప్పుటలేదు. ఆమె ఏడ్చును, న్యాయము అడుగును, అడుగవలెను. త్రాగి నడిపినవానికి శిక్ష పడవలెను. మేము చెప్పునది చుట్టు నిలిచిన మనలను గూర్చి. కఱ్ఱ ఎత్తిన గుంపులో గాయపడినవానిని చూచువాడు ఎవడును ఉండడు. పోయిన ప్రాణము ఆ కఱ్ఱవలన తిరిగి రాదు. పోవుచున్న ప్రాణము మాత్రము ఆ నిమిషములలో పోవును. 2022లో మన దేశపు దారుల మీద 1,68,491 మంది చనిపోయిరి. వారిలో కొందరైనను ఎవరో త్వరగా ఎత్తుకొని పోయినయెడల బ్రతుకువారే గదా.

గనుక అట్టి దినము వచ్చినచో సంఘ పెద్దలు ముందు నిలువవలెను. ఇద్దరు గాయపడినవాని యొద్దకు పోవుడి. 108కి గాని 112కి గాని ఫోను చేయుడి. జాతీయ రహదారి మీదనైతే 1033 ఉన్నది. ఇద్దరు డ్రైవరును ప్రక్కకు తీసికొనిపోయి, కూర్చుండబెట్టి, పోలీసులు వచ్చువరకు వాని చుట్టు నిలువుడి. సాయము చేసినచో కోర్టుల చుట్టు తిరుగవలెనని భయపడకుడి. 2019లో చట్టమునకు చేర్చిన 134ఎ విభాగము సాయము చేసినవానికి కాపుదలగా ఉన్నది, సాక్షిగా ఉండుమని అతనిని బలవంతము చేయకూడదు. వణకుచున్న ఆ కుర్రవానికి గ్లాసెడు మంచినీళ్లు ఇయ్యుడి. మంచినీటి విలువ ఉద్దానమువారి కన్న ఎక్కువ ఎరిగినవారు ఎవరు?

ప్రతి సంఘములోను లారీల మీద ఉన్న డ్రైవర్ల, క్లీనర్ల పేర్లు వారి తల్లుల యొద్దను భార్యల యొద్దను అడిగి వ్రాసి, పాస్టరుగారికి అందజేయవలెనని కోరుచున్నాము. ఈ నెల శుక్రవారపు ప్రార్థన కూటములలో ఆ పేర్లు చదువుదురు. ఆ రాత్రి ఏ దారిలో ఉన్నారో ఇంటివారికి తెలిసినయెడల ఆ ఊరి పేరును ప్రక్కన వ్రాయుడి.