నా కోసం ఒక ముప్పావుగంట

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి నా ఆఫీసు మా ఇంట్లో పడమటి గదే. రోజూ తిరుపతి నుంచి చిత్తూరుకు పోయి లెక్కలు రాసే ఉద్యోగం మానేసి, ఒక అమెరికా కంపెనీ పద్దులు ఇంటినుంచే చూసే పని ఒప్పుకున్నాను. సాయంత్రం ఆరున్నరకు మొదలై తెల్లవారుజామున మూడున్నరకు ముగుస్తుంది. జీతం ఎక్కువ, ప్రయాణం లేదు, పిల్లలు బడినుంచి వచ్చేసరికి ఇంట్లో ఉంటాను. అందరికీ సంతోషం, నాకూ సంతోషమే. కానీ ఒప్పుకున్న రోజు నుంచీ ఒక ప్రశ్న వెంటాడుతోంది. ఇకమీదట నేను ఎందుకు నడుస్తాను?

వ్యాయామం అంటూ నేనెప్పుడూ చేయలేదు. అక్కర పడలేదు. రోజే నన్ను కదిలించేది. ఇంటినుంచి బస్టాండుకు నడక. బస్సులో చంద్రగిరి దాటినా సీటు దొరికేది కాదు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాకైతే పూతలపట్టు దాకా నిలబడి పోవడం మామూలైంది. చిత్తూరులో దిగి మళ్లీ నడక. ఆఫీసు మేడమీద, లిఫ్టు లేదు. ఓచర్లు కింద గదిలో, బ్యాంకు రెండు వీధుల అవతల. సాయంత్రం వస్తూ కూరగాయల సంచి. ఇదంతా అలసట అనుకున్నానే గానీ, నా ఒంటికి దక్కిన మేలు అనుకోలేదు.

1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన అచ్చు వేశారు. రెండంతస్తుల బస్సుల్లో పనిచేసే డ్రైవర్లను, కండక్టర్లను పక్కపక్కన పెట్టి చూశారు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు, కండక్టరు పైకీ కిందికీ మెట్లు ఎక్కి దిగుతూనే ఉంటాడు. గుండెజబ్బు కండక్టర్లలో బాగా తక్కువగా కనిపించింది. ఆ కండక్టర్లు ఆరోగ్యం కోసం ఎక్కలేదు, టికెట్లు కొట్టడానికి ఎక్కారు. దాని గురించి చదివినప్పుడు నా సంగతి నాకు తేటగా అర్థమైంది. ఇన్నాళ్లూ కండక్టరు పనిలో ఉన్నదాన్ని, ఒకటో తేదీ నుంచి డ్రైవరు సీట్లో కూర్చోబోతున్నాను.

భయానికి ఇంకో కారణం కూడా ఉంది. అమ్మకు నలభై రెండో ఏట షుగరు వచ్చింది. నాకిప్పుడు నలభై ఒకటి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది, పెద్దవాళ్లలో నూటికి పదకొండు మందికి మించి. మన దక్షిణాసియా శరీరాల్లో పొట్ట దగ్గర కొవ్వు తొందరగా చేరుతుందని, ఆడవాళ్లకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమని డాక్టర్లు చెబుతారు. కుట్టుమిషను సొరుగులోని టేపు తీసి కొలుచుకున్నాను. దాటింది.

అందుకని కాగితం తీసుకుని ప్రణాళిక రాయడానికి కూర్చున్నాను. ఎవరిని అడిగినా ఒకటే సలహా: పొద్దున ఐదుకు లేచి ఎస్వీ యూనివర్సిటీ వైపు నడిచి రా అని. చెట్ల కింద అంతమంది నడుస్తుంటే నిజంగానే ముచ్చటగా ఉంటుంది. కానీ మూడున్నరకు పని ముగించిన మనిషికి ఐదంటే నడిరేయి. రాత్రిపూట పనిచేయడం క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగమే 2007లో హెచ్చరించింది. అందుకే నా కాగితంలో మొదటి పంక్తి నడక గురించి కాదు, నిద్ర గురించి. నాలుగు నుంచి పదకొండు దాకా కిటికీకి మందపాటి తెర, ఫోను వేరే గదిలో.

తర్వాత మా ఊరి సంగతి. మేలో మధ్యాహ్నం పూట బయట అడుగు పెట్టలేం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు, 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూసినవాళ్లం. అన్నిటికంటే పెద్దది చుట్టాలు. తిరుమల కొండకింద ఇల్లున్నవాళ్లకు ఏడాది పొడుగునా దర్శనానికి వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు రావడం నాకు ఇష్టమే, దాన్ని ఆటంకం అనను. అయితే వారానికి ఏడు రోజులూ కచ్చితంగా జరగాలనే ఏ పథకమైనా ఈ ఇంట్లో పది రోజులు నిలవదు.

ఇవన్నీ రాసుకుపోతుంటే, అసలు అడ్డు ఎండా కాదు, వానా కాదు, షిఫ్టూ కాదని తోచింది. పాకాల దగ్గర మా అవ్వ వాళ్ల ఊరికి పోయినప్పుడు ఒక సాయంత్రం చెప్పులేసుకుని బయలుదేరాను. తిన్నెమీద చెనిక్కాయలు వలుస్తున్న అవ్వ తలెత్తి అడిగింది.

“యాడికి మే పోతావుండావు?”

“ఊరికే, అట్ల నడిచొస్తా అవ్వా.”

“ఊరికే ఎందుకు మే నడిచేది? పోయేదానివి ఆవుకు ఇంత గడ్డన్నా కోసుకోని రా.”

ఎగతాళి కాదు అది. బావి, మడి, పశువుల కొట్టం, సంత, బంధువుల ఇల్లు... ఆమె వేసిన ప్రతి అడుగుకూ చివర ఒక పని ఉండేది. ఆ సాయంత్రం నేను గడ్డి కోసుకునే వచ్చాను, ఆ రోజు నడక హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి ఎక్కడిదని ఇప్పుడు వెదికి చూస్తే, నడవడానికి నాకు ఒక అనుమతి దొరకడమే దాని మూలమని తెలుస్తోంది.

మా ఆయన రోజూ సాయంత్రం స్నేహితులతో ప్రకాశం పార్కుకు పోతారు. ఆయన చెప్పులేసుకుంటే ఎవరూ ఎందుకని అడగరు. నేనూ అడగలేదు. నన్ను పోవద్దని ఆయన ఎన్నడూ అనలేదు, అత్తమ్మా అనలేదు. అయినా సింకులో గిన్నెలు ఉండగా, ఒక గదిలో తలుపేసుకుని నా కాళ్ల కోసం, నా నడుము కోసం అరగంట గడపడం తలచుకుంటేనే ఎవరిదో సొమ్ము తీసుకున్నట్టు ఉంటుంది. ఈ భావం బయటినుంచి వచ్చిందో, నాలో పుట్టిందో విడదీయలేకపోతున్నాను. కానీ ఉంది. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా వేసిన పట్టిక ఎంత చక్కగా ఉన్నా నా చేత అమలు కాదు.

కొండకు నడిచిపోయే అలిపిరి దారిలో నన్నెప్పుడూ కట్టిపడేసేది మెట్లకు పూజ చేసే ఆడవాళ్లు. అరవై దాటినవాళ్లు కూడా ఉంటారు. ఒక చేతిలో పసుపు కుంకుమల గిన్నె. వంగి మెట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, మోకాలిమీద చేయి ఆనించి లేచి, ఇంకో మెట్టు ఎక్కి మళ్లీ వంగుతారు. చేతులు మణికట్టు దాకా పచ్చగా, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, చెమటకు రవిక వీపుకు అతుక్కుపోయి. సుమారు 3,550 మెట్లు. ఇంత శ్రమ ఏ జిమ్ములోనూ ఎవరూ చేయించలేరు. అడిగితే మనవడి చదువని, కోడలి కాన్పని చెబుతారు. నేను కూడా అమ్మాయికి డెంగీ తగ్గినప్పుడు శ్రీవారిమెట్టు దారిన కొండ ఎక్కాను, మోకాళ్ల నొప్పి గుర్తే లేదు. మొక్కిన మొక్కు తీర్చకుండా ఉండలేదు నేను. అయితే ఇప్పటిదాకా మొక్కినవన్నీ ఇంకొకరి పేరుమీదే.

అలాంటప్పుడు వ్యాయామాన్నే మొక్కుగా పెట్టుకుంటే? ఈ ఆలోచన నన్ను చాలా ఊరించింది. చివరకు వద్దనుకున్నాను. స్వామికి ఇచ్చిన మాటలోకి నా నడుము కొలతను తేవడం నాకు సమ్మతం కాలేదు. పైగా అది అవ్వ చెప్పిన గడ్డిమోపు లాంటిదే అవుతుంది, అనుమతి కోసం మరో దారి. నెలకొకసారి శ్రీవారిమెట్టు ఎక్కుతాను, కానీ మొక్కు లేకుండా.

మిగిలినదంతా తేలికగానే కుదిరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు కావాలి. వారానికి నాలుగు సాయంత్రాలు, ఐదు గంటలకు, కపిలతీర్థం వైపు ముప్పావుగంట వడివడిగా నడక. అది 180 నిమిషాలు. చుట్టాలు ఒక రోజు పట్టుకుపోయినా 135, ఆ లోటు మిద్దెమీద తీరుతుంది. రాత్రి పదికి భోజన విరామంలో తిన్న వెంటనే కుర్చీకి రాకుండా పది నిమిషాలు మిద్దెమీద తిరుగుతాను. కదిలే కండరం రక్తంలోని చక్కెరను తనంతట తానే లాక్కుంటుంది, అందుకని తిన్న తర్వాతి పది నిమిషాలకు విలువ ఎక్కువ. మిద్దెమీదినుంచి ఘాట్‌రోడ్డు దీపాలు కూడా కనబడతాయి. వారంలో రెండు రోజులు లేచాక, స్నానానికి ముందు, వినాయకుడి ముందు తీసే గుంజీళ్లలాంటివే కొన్ని, గోడకు చేతులు ఆనించి తోసేవి కొన్ని. బరువు తూచుకోను. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్‌ను ఎవరినీ పిలవకుండా స్టాండుమీదికి ఎత్తగలిగితే బలం వచ్చినట్టు లెక్క. మొదటి రెండు వారాలు మాత్రం నిద్ర, మిద్దె, అంతే. ఒళ్లు రాత్రి డ్యూటీకి అలవాటు పడాలి.

చిక్కల్లా ఆ ఐదు గంటల దగ్గరే. ఎండ దిగేది అప్పుడే, పిల్లలు ఆకలితో వచ్చేదీ అప్పుడే. అత్తమ్మ కాఫీ, రాత్రి వంట, సందె దీపం, అన్నీ ఆరున్నరలోపే కావాలి. ఆ నాలుగు రోజులు కాఫీ ఆయన పెట్టాలి, దోసెలు పద్నాలుగేళ్ల మా అబ్బాయి పోసుకోవాలి. వాడికి వచ్చు. కాగితంమీద అన్నీ రాశాను గానీ ఈ ఒక్కటీ ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఈ ఆదివారం భోజనాల దగ్గర చెబుతాను. అమ్మకు వచ్చినట్టు నాకూ షుగరు రాకుండా అనే కారణం నోటిలో సిద్ధంగా ఉంది, అది నిజం కూడా. ఎవరూ కాదనరు. ఆ కారణం ఎత్తకుండా, ఆ ముప్పావుగంట నాకు కావాలి అని మాత్రమే చెప్పగలనా అనేది ఇంకా తేలలేదు.