అబద్ధం నేర్పిన రోజు

2023 జూన్ 30. బక్రీదు మర్నాడు. మిగిలిన ఖీమా వేడిచేసి రొట్టెల్లో చుట్టి పెడదామని మొదలుపెట్టి, మధ్యలో ఆగి పులిహోర కలిపాను. అప్పుడు మా అమ్మాయి నాలుగో తరగతి. డబ్బా మూత తీసి చూసి "అమ్మీ, ఖీమా ఉందిగా?" అంది. "ఇవాళ ఇది తీసుకెళ్ళు. పండక్కి ఏం తిన్నావని ఎవరైనా అడిగితే సేమ్యా అని చెప్పు" అన్నాను. "జూట్ నక్కో బోల్ అంటుందిగా నానీ?" అని అడిగింది. నేను జడ బిగించి కట్టాను, జవాబు చెప్పలేదు.

స్కూలు తెరిచిన మొదటి వారంలోనే ఒక పిల్లాడు "మీ డబ్బా వాసన" అని ముక్కు మూసుకుని బెంచీ మారిపోయాడు. ఆ రోజు అందులో ఉన్నది వంకాయ కూర.

స్త్రీల ఆత్మకథల మీద డాక్టరేటు చేశాను నేను. వాళ్ళు ఏది చెప్పకుండా దాటేశారో వెతికి పేజీలకొద్దీ రాశాను. ఇప్పుడు నా వంటింట్లో నిలబడి, ఏది చెప్పకుండా దాటెయ్యాలో నా కూతురికే నేర్పుతున్నాను. పరిశోధన రోజుల్లో అద్దె గది కోసం వెళ్ళినప్పుడు సగం పేరే చెప్పేదాన్ని. దాన్ని జాగ్రత్త అనుకున్నాను గానీ అబద్ధం అనుకోలేదు.

"సబర్ నేర్పు" అంటారు మా పెద్దవాళ్ళు. "ధైర్యంగా నిజం చెప్పమను" అంటారు మన మిత్రులు. తొమ్మిదేళ్ళ పిల్ల భోజనం గంటలో ఒంటరిగా మోయాల్సిన ధైర్యం అది. సలహా ఇచ్చేవాళ్ళెవరూ ఆ బెంచీ మీద కూర్చోరు.

'మదరింగ్ ఎ ముస్లిం' పుస్తకం కోసం నాజియా ఎరుమ్ 12 నగరాల్లో 145 కుటుంబాలతో మాట్లాడారు. బాగా చదువుకున్న ఇళ్ళు, పేరున్న బడులు. అయిదారేళ్ళ పిల్లల్ని కూడా తోటివాళ్ళు పాకిస్తానీ అన్నారు. ఆ తల్లులందరూ ఏదో ఒక పులిహోర కలిపే ఉంటారు.

2023 ఆగస్టులో ముజఫర్‌నగర్ జిల్లా వీడియో వచ్చింది. ఏడేళ్ళ ముస్లిం పిల్లాణ్ణి టీచరే తోటి పిల్లలచేత చెంపదెబ్బలు కొట్టించింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఏడుస్తున్న ఆ పిల్లాడి కంటే, వరసగా లేచొచ్చి కొట్టి వెళ్ళిన పిల్లలే నన్ను ఎక్కువ రోజులు వెంటాడారు. ఆ సాయంత్రం వాళ్ళ అమ్మానాన్నలు వాళ్ళకేం చెప్పారు? పిల్లల్ని ఎలా పెంచుతున్నారని మమ్మల్ని అడిగినట్టు వాళ్ళనెవరైనా అడిగారా?

ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి ఈ జాగ్రత్త ఇంకో రంగు తేలుతుంది. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి, ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి యాప్‌లలో 'వేలం' వేశారు. రెండోసారి ఆ జాబితాలో, కనిపించకుండా పోయిన జెఎన్‌యు విద్యార్థి నజీబ్ తల్లి ఫాతిమా నఫీస్ కూడా ఉన్నారు. ఆ వారమే మా ఖాలా కూతురు తన ఫోటోలతోపాటు కవితలు కూడా తీసేసింది. తీసెయ్యమన్నది వాళ్ళన్న. చెల్లెలి మీద ప్రేమతోనే అన్నాడు, అందులో నాకేం అనుమానం లేదు. కానీ వేలం వేసినవాళ్ళు కోరుకున్నదీ ఆమె నోరు మూయడమే కదా! ఆ అన్నని నేను చాలా మాటలన్నాను. నా పులిహోర ఏ కోవలోకి వస్తుందో మాత్రం అప్పటికి ఆలోచించలేదు.

ఆ వీడియో చూసిన రాత్రి మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఆ రోజు నీతో అబద్ధం చెప్పించాను. మన ఖీమాలో తప్పేం లేదు, నీలోనూ లేదు. నాకు భయమేసింది, అంతే" అన్నాను. ఇకనుంచి నిజమే చెప్పమని మాత్రం అనలేకపోయాను. ఇప్పటికీ అనలేను. నా భయాన్ని తనకి సిగ్గుగా అంటగట్టకూడదని మాత్రం అనుకున్నాను.

కాసేపు ఆలోచించి, "అయితే నిజం ఎవరికి చెప్పొచ్చు?" అని అడిగింది. నువ్వే చెప్పు అన్నాను. తన పక్కన కూర్చునే అమ్మాయి పేరు చెప్పింది. ఆ పిల్ల రోజూ మా డబ్బాలోంచి గుడ్డు తింటుందట, వాళ్ళ నాన్నమ్మకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట.

ఎప్పటినుంచే అన్నాను. రెండో తరగతి నుంచట.