యుద్ధం గెలిచాక ధర్మరాజు చేసిన పని

ఈ వారం వీడియోలో కురుక్షేత్రం 18వ రోజు దగ్గర ఆగాం. చాలామందికి మహాభారతం అక్కడితో అయిపోయినట్టే. దుర్యోధనుడు పడ్డాడు, ధర్మం గెలిచింది, అంతే. కానీ వ్యాసులవారు అక్కడ ఆపలేదు. ఏడ్చేవాళ్ల కోసం స్త్రీపర్వం అని ఒక పర్వమే పెట్టారు.

అందులో గాంధారి యుద్ధభూమికి వస్తుంది. నూరుగురు కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లి. అయినా అభిమన్యుడి కోసం, అతని దేహం దగ్గర విలపిస్తున్న ఉత్తర కోసం కూడా ఏడుస్తుంది. అవతలి పక్షం పిల్లాడు కదా అని ఆగలేదు.

తర్వాత ధృతరాష్ట్రుడు "ఎంతమంది పోయారు?" అని అడుగుతాడు. ధర్మరాజు చెప్పిన లెక్క 166 కోట్ల 20 వేలు. ఆ అంకెను యథాతథంగా తీసుకోవాలా అన్నది వేరే చర్చ. రోజూ డేటాతో పనిచేసే నన్ను ఆపింది ఆ తర్వాతి మాట. ఆయన లెక్క చెప్పి ఊరుకోలేదు. విదురుడు, సంజయుడు, ధౌమ్యుడు మొదలైనవాళ్లను పిలిచి, ఒక్క శరీరం కూడా అనాథగా పోకూడదన్నాడు. రెండు పక్షాలవాళ్లకూ దహన సంస్కారాలు జరిగాయి.

మరి శత్రువు కోసం బాధపడితే మన సైనికుడి త్యాగాన్ని తక్కువ చేసినట్టు కాదా?

1999 కార్గిల్ చూడండి. మనవాళ్లు 527 మంది ప్రాణాలిచ్చారు. అదే యుద్ధంలో, పాకిస్తాన్ తీసుకోవడానికి ఒప్పుకోని సైనికుల దేహాలను మన సైన్యమే వాళ్ల మతాచారం ప్రకారం ఖననం చేసింది. తోటివాళ్లను పోగొట్టుకున్న జవాన్లు చేసిన పని అది. వాళ్ల దేశభక్తిని శంకించగలమా? యుద్ధమే వద్దని గీత చెప్పలేదు. కానీ బాణం దించాక కూడా ద్వేషం మోయమని ఎక్కడా చెప్పలేదు.

గంగ ఒడ్డున తర్పణాలు వదిలేటప్పుడు కుంతి నోరు విప్పుతుంది: కర్ణుడు మీ అన్న, అతనికీ నీళ్లు వదలండి అని. చంపాక తెలిసింది, అన్న అని. ఏ యుద్ధంలోనైనా అవతల పడినవాడు ఎవరికో ఒకరికి అన్నే.

జులై 26న స్టేటస్ పెట్టండి, తప్పులేదు. దాంతోపాటు అమరుడైన ఒక్క జవాను పేరు, ఊరు తెలుసుకోండి. ఆ ఇంట్లో ఇవాళ ఎవరెవరు మిగిలారో ఒక్క నిమిషం ఆలోచించండి. గెలుపు వెల మనకు అక్కడే తెలుస్తుంది.

జై శ్రీకృష్ణ!