ప్రాంతానికి స్వభావం వుంటుందా?

"సీమవాళ్ళు మొరటువాళ్ళు, కాని మనసు మంచిది, కోస్తావాళ్ళ మాట తీపి, లెక్క గట్టిది." ఈ వాక్యాన్ని నేను ఎన్ని వందలసార్లు విన్నానో చెప్పలేను. బస్సులో విన్నాను, స్టాఫ్‌రూములో విన్నాను, సాహిత్యసభ ముగిసిన తర్వాత టీకొట్టు దగ్గర విన్నాను. అన్నవాళ్ళలో అక్షరం రానివాళ్ళూ వున్నారు, ఆచార్యులూ వున్నారు. కులాన్నీ మతాన్నీ ఒక్క దెబ్బతో కొట్టిపారేసే మన మిత్రులూ వున్నారు. ఇదే వాక్యాన్ని ఏదో ఒక కులం పేరు పెట్టి చెబితే వాళ్ళే మండిపడతారు. ప్రాంతం పేరు పెట్టి చెబితే మాత్రం నవ్వి వూరుకుంటారు. ఈ వాక్యంలో తప్పు వున్నదా, వుంటే అది ఏ రకమైన తప్పు అన్నది నేను తేల్చుకోదలచిన ప్రశ్న. తీర్పు చెప్పే అర్హత నాకు తక్కువే. ముద్దాయిలలో నేనూ ఒకణ్ణి.

నాది పుంగనూరు. ఎం.ఏ. చదవడానికి కోస్తాలోని ఒక విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. హాస్టల్లో మొదటి రాత్రే ఒకడు అడిగాడు: "మీ వూళ్ళో బాంబులు ఎలా చుడతారు గురూ?" మా వూళ్ళో నేను విన్న పేలుళ్ళు దీపావళికి కాల్చినవే. ఆ మాట చెప్పివుండవచ్చు. చెప్పలేదు. కాసేపు మౌనంగా వుండి, "అవన్నీ బయట చెప్పే మాటలు కావులే" అన్నాను. అంతే, గది నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు రుచించింది. తర్వాత రెండేళ్ళపాటు నాకు లేని మేనమామ ఒకాయన జైలుకు పోయివచ్చాడు, నేను చూడని సుమోలు రాత్రిళ్ళు మా వీధిలో తిరిగాయి. నా బకెట్టును అడగకుండా తీసుకుపోవడం అందరూ మానేశారు. ఒక అబద్ధానికి నాకు దక్కిన లాభం ఒక బకెట్టు.

ఆ కథలు నాకు ఎక్కడివి? పుంగనూరువి కావు. 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి', 2001లో వచ్చిన 'నరసింహనాయుడు', 2002లో వచ్చిన 'ఇంద్ర' - వీటిలోవి. సీమ ఎట్లా వుంటుందో నా కోస్తా మిత్రులకు ఏ తెర చెప్పిందో, నాకూ ఆ తెరే చెప్పింది. మా వూరి థియేటర్లలో ఈలలు వేసింది మేమే కదా! మన మీద వేసిన ముద్రను మనమే డబ్బిచ్చి కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాం.

ఇప్పుడు మదనపల్లెలో పాఠం చెబుతున్నాను. మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోవాలంటే బస్సులో మూడు గంటల దారి. ఈ మూడు వూళ్ళకూ కలిపి 'సీమ స్వభావం' అని ఒకటి వున్నదంటారు. మరి చరిత్ర ఏమంటుంది? 1800లో నిజాము కంపెనీవారికి వదిలేసిన దత్తమండలాలలో కడపతోపాటు చేరింది మదనపల్లె. పుంగనూరు ఒక జమీందారీ. కుప్పం ప్రాంతం కంగుంది జమీందారీ. ఈ రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు గాని ఇవి ఒక కలెక్టరు కిందికి రాలేదు. 2022లో జిల్లాలను మళ్ళీ చీల్చినప్పుడు మదనపల్లె తక్కిన రెంటినుండి విడిపోయింది. గెజిట్‌లో గీత మారినప్పుడల్లా మనిషి నెత్తురు మారుతుందని ఎవరూ అనరు కదా. 'రాయలసీమ' అన్న పేరే 1928లో నంద్యాల సభలో పుట్టినది. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు ఉత్తరాంధ్రలో పుట్టి అనంతపురం కళాశాలలో పనిచేసినవారు. నేడు మేము గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పుకునే పేరు పొరుగువాడు పెట్టినది!

ఆయా ప్రాంతాల మనుషులలో కనిపించే తేడాలకు పునాది వేరేచోట వున్నది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట. గోదావరి, కృష్ణ నీళ్ళు కాలువల్లో పారాయి, రెండో పంట వచ్చింది, మిగులు వచ్చింది, ఆ మిగులులోనుండి బడులు, అచ్చుయంత్రాలు, పత్రికలు, ఆపైన నాటకాలు, సినిమాలు వచ్చాయి. ఇక్కడ 1876-78 కరువులో ఎముకలు మిగిలాయి. నీళ్ళు వున్నచోట మాట నెమ్మదించడానికి తీరిక వుంటుంది. చెరువు ఎండినచోట ప్రతి తూమూ తగాదాయే. ఇందులో నెత్తురుకు సంబంధించినది ఏమున్నది? 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇల్లు శ్రీబాగ్‌లో రెండు ప్రాంతాల పెద్దలూ కూచుని వ్రాసుకున్న ఒడంబడికను చూడండి. అందులో నదీజలాలున్నవి, విశ్వవిద్యాలయ కేంద్రాలున్నవి, శాసనసభ స్థానాలున్నవి, రాజధాని, హైకోర్టు వున్నవి. ఎవరి స్వభావం ఎట్టిదో అందులో ఒక్క మాట లేదు. నిజమైన తగవు ఏమిటో వాళ్ళకు తెలుసు. ఆ తగవు తీరకపోయేసరికి, దాని స్థానంలో మనకు స్వభావాలు మిగిలాయి.

ఇంతవరకు మన పాఠకులు నాతో ఏకీభవిస్తారనే అనుకుంటాను. చిక్కు ఇక్కడినుండే మొదలవుతుంది. ఆ వాక్యం తప్పు ఎందుకంటే అది అబద్ధం కాబట్టి అని మనం తేలికగా అనేస్తాం. ఆ జవాబు చాలదు. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలలో కొన్ని పల్లెలలో ముఠాకక్షలు నడిచిన మాట నిజం. పోయిన ప్రాణాలు నిజం. రేపు ఎవరో లెక్కలు తీసి సగటున సీమవాడి గొంతు పెద్దదని రుజువు చేశారనుకుందాం. అంతమాత్రాన ఆ వాక్యం న్యాయమైపోతుందా? పోనీ, అవమానిస్తుంది కాబట్టి తప్పందామా? 'పౌరుషం' అన్న మాట వినగానే మావాళ్ళు మీసం మీద చెయ్యి వేస్తారు. నేను హాస్టల్లో అవమానపడలేదు, గర్వపడ్డాను.

నాకు తోచినది ఇది: ఆ వాక్యం ఒక జనానికి జరిగినదాన్ని తీసుకుని, ఆ జనం యొక్క గుణంగా మార్చి చెబుతుంది. జరిగినదైతే ఎవరు చేశారు, ఎవరు బాకీ వున్నారు అని అడగవలసి వస్తుంది. గుణమైతే అడగడానికేమీ లేదు. "అక్కడంతే" అని ఒక మాట వున్నది చూశారా, అది న్యాయస్థానం తలుపు మూసిన చప్పుడు. సీమలో ఒక మనిషి హత్య అయితే, "అక్కడంతే". కోస్తాలో ఒక కౌలురైతు మోసపోతే, "వాళ్ళు లెక్కల మనుషులు, వాళ్ళలో వాళ్ళు చూసుకుంటారు". చచ్చినవాడు ఎవడో, మోసపోయినవాడు ఎవడో ఎవరికీ అక్కరలేదు. పొగడ్త అయితే మరీ ప్రమాదం. "మీ రైతులు కరువుకు రాటుదేలినవాళ్ళండీ" అన్న మెచ్చుకోలు వెనక, కాబట్టి నీళ్ళు ఇంకొన్నాళ్ళు ఆగినా ఫరవాలేదన్న భావం వున్నది. మా వూరి పేరు మోస్తున్న పొట్టి ఆవును లోకమంతా మెచ్చుకుంటుంది. కొద్దిపాటి మేతతో బతుకుతుంది కనుక. మమ్మల్ని మెచ్చుకునేదీ ఇంచుమించు అందుకే.

ఈ విషయంలో అభ్యుదయవాదులమైన మనకు మినహాయింపు లేదు. ఇటలీలో గ్రాంషీ 1926లో, తాను అరెస్టు కావడానికి కొద్దికాలం ముందు, దక్షిణ ప్రాంత సమస్యపై ఒక వ్యాసం వ్రాస్తూ వున్నాడు. దక్షిణాదివాళ్ళు పుట్టుకతోనే సోమరులు, దేశం కాలికి కట్టిన గుండు అన్న నమ్మకం ఉత్తరాది కార్మికులలో పాకిపోవడానికి సోషలిస్టు పార్టీవారే చాలావరకు వాహకులైనారని ఆ వ్యాసంలో నిష్ఠూరంగా చెప్పాడు. ఆయన స్వయంగా సార్డీనియా వాడు, తెలిసే చెప్పాడు. ఇంగ్లండులోనూ ఇదే తంతు. బొగ్గుగనుల, నూలుమిల్లుల ఉత్తరాదివాళ్ళు మొరటు, నిజాయితీపరులు. దక్షిణాదివాళ్ళు నాజూకు, నమ్మరానివాళ్ళు అని. ఉత్తరాదివాడు తన మొరటుతనాన్ని పతకంలా ధరించడాన్ని 1937లో ఆర్వెల్ ఎద్దేవా చేశాడు. మా మీసాలు ఆయన చూడలేదు. మనం చేసేది మరికొంచెం సూక్ష్మమైన పని. "సీమలో భూస్వామ్య అవశేషాలు బలంగా వున్నవి, పాళెగాళ్ళ వారసత్వం" అంటాం. కారణం మారింది, వాక్యం అదే. మదనపల్లెలో టమాటా బుట్టలు మోసే హమాలీకి పాళెగాడి వారసత్వం ఏ దారిన వచ్చిందో నేను అడిగితే ఎవరూ చెప్పలేదు.

మా తప్పు కూడా చెప్పాలి. మా కాలేజీలో కృష్ణా జిల్లా నుండి వచ్చిన సహాధ్యాపకుడు ఒకాయన వున్నారు. కాంట్రాక్టు అధ్యాపకులకు నెలల తరబడి జీతాలు రాకపోతే, పర్మనెంటు ఉద్యోగంలో వున్న ఆయన వచ్చి మాతోపాటు ఎండలో కూచున్నారు. "ఈయనకు ఇందులో ఏమి గిట్టుబాటు?" అని మాలో మేము వారం రోజులు గుసగుసలాడాం. ఏమీ లేదు. గిట్టుబాటు లేని పని కోస్తావాడు చేయడని మేము ముందే తీర్మానించుకున్నాం కాబట్టి, కళ్ళెదుట జరిగిన మంచి మాకు కనిపించలేదు. ఆయన చేసిన పనిని ఆయన పేర జమకట్టడానికి మేము ఒప్పుకోలేదు. చెడ్డపనిని ప్రాంతం ఖాతాలో వేయడం ఎంత అన్యాయమో, ఇదీ అంతే.

ఇక కిందిమెట్టు వున్నది. కోస్తావాడు మదనపల్లెవాణ్ణి చూసి నవ్వుతాడు. మదనపల్లెవాడు పుంగనూరును పల్లె అంటాడు. మేమిద్దరం కలిసి కుప్పంవాళ్ళను "అరవ తెలుగు" అని నవ్వుతాం. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోటు. ఇంట్లో తమిళం, బడిలో తెలుగు, పనికి బెంగుళూరు రైలెక్కితే కన్నడం - అక్కడి కూలివాడు మూడు భాషల్లో బేరమాడగలడు. నేను రెండు భాషల్లో తడబడతాను. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో అక్కడే పెట్టింది ఇందుకే. అయినా నవ్వేది మేమే. మద్రాసులో మమ్మల్ని అందరినీ కలిపి "గొల్టి" అన్నప్పుడు మాత్రం కోస్తా, సీమ, కుప్పం అన్న భేదాలేవీ మాకు గుర్తుకురావు.

రెండేళ్ళ కిందట డిగ్రీ విద్యార్థులకు రైతుజీవితం గురించి వ్యాసం ఇచ్చాను. కుప్పం దగ్గరి పల్లెనుండి వచ్చి హాస్టల్లో వుంటున్న ఒక అమ్మాయి, "మా నాయన తెల్లవారకముందే మడక భుజాన వేసుకుని పోతాడు" అని మొదలుపెట్టింది. మడక అన్న మాట కింద ఎర్రగీత గీసి, పక్కన 'నాగలి' అని వ్రాశాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయపదాలది. ఏ ప్రాంతపు మాటనూ తక్కువ చేయక అన్నిటినీ ఒకే పేజీలో కూచోబెట్టిన ఆ పుస్తకం గొప్పదనాన్ని అదే వారంలో అదే తరగతికి చెప్పినవాణ్ణి నేనే! పుంగనూరులో మా తాత దున్నిందీ మడకతోనే. ఎర్రసిరా పట్టుకున్న చేతికి మాత్రం అది తప్పుగా తోచింది. ఆ చేతిని నడిపింది అచ్చుయంత్రాల చరిత్ర, కాలువనీటి ఆర్థికశాస్త్రం అని విశ్లేషించగలను. విశ్లేషణ సరైనదే. కాని గీత గీసింది చరిత్ర కాదు. నేను.

ఆ అమ్మాయి గొడవపడలేదు. తరగతి అయిన తర్వాత కాగితం తెచ్చి చూపి, "సార్, మా వూర్లో నాగలి లేదు సార్, మడకే వుండాది" అన్నది. తప్పు నాదేనని చెప్పి గీత కొట్టివేశాను. వెళ్ళబోయి ఆగి మళ్ళీ అడిగింది: "అయితే పరీక్షలో ఏది రాయమంటారు సార్?"

జవాబుపత్రాలు మా దగ్గర దిద్దరు. ఎక్కడికో పోతాయి, ఎవరో దిద్దుతారు. ఆ దిద్దేవారికి మడక తెలుసో తెలియదో. ఆ అమ్మాయికి ఆ మార్కులు అవసరం, బి.ఇడి. సీటు కావాలంటున్నది.

"నాగలి అని రాయమ్మా" అన్నాను.