నమూనా ఎవరిది?

రాయడం నేర్పేటప్పుడు పిల్లల ముందు నమూనా వ్యాసం పెట్టాలా వద్దా అన్నది పైకి బోధనా పద్ధతికి సంబంధించిన ప్రశ్నే. డిగ్రీ తరగతులకు తెలుగు చెప్పే నాకు మాత్రం అందులో న్యాయాన్యాయాల సంగతి కూడా ఉందనిపిస్తుంది.

'మా అమ్మ' గురించి రాయమంటే నా తరగతిలో అమ్మలంతా ఒకేలా ఉంటారు. తెల్లవారకముందే లేస్తారు, అందరికీ పెట్టి మిగిలింది తింటారు, అలసట ఎరగరు. బీడీలు చుట్టే అమ్మ, కలుపు తీయడానికి కూలికి వెళ్ళే అమ్మ, భర్తను వదిలి వచ్చేసిన అమ్మ కాగితం మీదికి రారు. ఏ అమ్మ రాయదగినదో గైడ్లు ముందే తేల్చేశాయి మరి.

అలాగని నమూనాలే వద్దందామా? 'నీ మనసులో ఉన్నది రాయి' అనడం ఉదారంగానే వినిపిస్తుంది. కానీ ఇంటినిండా పుస్తకాలున్న అమ్మాయికి నమూనాలు ఇంట్లోనే దొరుకుతాయి. తన కుటుంబంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన అమ్మాయిని ఖాళీ కాగితంతో వదిలేస్తే ఆమె మళ్ళీ గైడ్ దగ్గరికే పోతుంది.

అందుకే నేను ఒకటి కాక రెండు పెడతాను. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'ని తొలి కథగా, కథకు కొలమానంగా చాలాకాలం చదువుకున్నాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే వచ్చింది. ఒకదాంట్లో వేశ్య పాటకచేరీలకు అలవాటుపడిన భర్తని, మరోదాంట్లో పేదరికంలో యజమాని డబ్బుకి ఆశపడిన భర్తని భార్యలే దారికి తెస్తారు. రెండూ పక్కపక్కన చదివినప్పుడు పుట్టే ప్రశ్న ఒకటుంది: దిద్దే పని ఎప్పుడూ భార్యదేనా? దిద్దుబాటు ఒక్కటే చదివితే అది కథానాయిక తెలివిగానే కనిపిస్తుంది. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల సాహిత్యం 'నల్లపొద్దు'ని కూడా వాటి పక్కన చేరిస్తే, ఆ రెండు కథల ఇళ్ళు ఏ కులాలవో కూడా అడగాల్సి వస్తుంది. అప్పుడు నమూనా అచ్చుగా మిగలదు, వాదించదగిన మనిషి అవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఒక విద్యార్థిని వాళ్ళమ్మ గురించి నిజంగా రాస్తుంది. మరుసటి ఏడాదికి అంతకన్నా మంచి నమూనా దొరకదు. పేరు కొట్టేస్తే చాలదు, ఊళ్ళో ఆ జీవితాన్ని అందరూ గుర్తుపడతారు. ఆ అమ్మాయిని అడగాలి. కాదనడానికి మార్కుల భయం అడ్డురాకుండా, ఫలితాలు వచ్చాకే అడగాలి. ఆమె ఒప్పుకున్నా, ఆ జీవితం వాళ్ళమ్మది. ఆ అమ్మని ఎవరు అడగాలి?